వెనక సీటంత పెట్టె

"నాన్నా, పాట రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది" అని నా కూతురు ఒక ఆదివారం కారు వెనక సీట్లోంచి అంది. ఊరికే అని, మళ్లీ తన కబుర్లలో పడిపోయింది. నాకు మాత్రం జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటేదాకా ఆ మాట మింగుడుపడలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఫిల్మ్ నగర్‌లో సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేస్తున్నాను. హీరో తలుపు తన్నితే థియేటర్లో కుర్చీలు అదరాలంటే అది నా వేళ్ల పనే. అలాంటివాడి సొంత కారులో పాట రేకు డబ్బాలా ఉందంటే ఎక్కడో కాలింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, చూపించడానికి మనుషులు లేరు గానీ.

మనుషులు లేరన్నది మాటవరసకు అనడం లేదు. నేనూ ఆ పిల్ల తల్లీ విడిపోయి అప్పటికి నాలుగేళ్లు. వాళ్లిద్దరూ మధురానగర్‌లో ఉంటారు. నేను కృష్ణానగర్‌లో రెండో అంతస్తులో ఒక గది. మెట్ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ చెవిన పెట్టుకుని "రేపు షూటింగ్ ఉందా అన్నా" అని అడుగుతూ ఉంటారు. పక్క గదిలో నలుగురు డాన్సర్లు పాట పెట్టి స్టెప్పులు ప్రాక్టీస్ చేస్తారు. తొమ్మిదో తరగతి పిల్లను తీసుకొచ్చి కూర్చోబెట్టుకునే చోటు కాదది. ఒకసారి తీసుకొస్తే మంచం అంచున అరగంట కూర్చుని, "నాన్నా, కార్లో తిరుగుదామా?" అని అడిగింది. అప్పట్నుంచి నెలకు రెండు ఆదివారాలు మా ఇద్దరికీ ఇల్లంటే ఆ కారే. పొద్దున పదింటికి మధురానగర్‌లో ఎక్కించుకుంటే చెక్‌పోస్ట్, ఫిల్మ్ నగర్, దుర్గం చెరువు వంతెన, మళ్లీ వెనక్కి. మధ్యలో ఎక్కడో దోసె. మూడింటికల్లా వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు ముందు దింపేయాలి.

మొదటి రోజు నుంచీ ఆ పిల్ల వెనకే కూర్చుంది. డోరు తీసి, చెప్పులు వదిలేసి, కాళ్లు మడిచి సీటు మీద పెట్టుకుని, బ్యాగు నడుం కింద దిండులా తోసుకునేది. "ముందుకు రావే" అని రెండుమూడుసార్లు అడిగాను. "ఇక్కడే బాగుంది నాన్నా" అంది. అడగడం మానేశాను గానీ లోపల గుచ్చుకుంటూనే ఉంది. ముందు సీటు ఖాళీగా పెట్టుకుని వెనక పిల్లను కూర్చోబెట్టుకుని తిరిగే నన్ను చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఒకసారి జూబ్లీహిల్స్‌లో ఒక టిఫిన్ హోటల్ ముందు ఆపితే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, "మేడంను గీడ దించి బండి గాడ పెట్టు భయ్యా, జర జల్దీ" అన్నాడు. నా కూతురు పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. దోసె మాత్రం సహించలేదు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. సినిమాలో మాట ఎప్పుడూ ముందు నుంచే రావాలి. తెర వెనక మధ్యలో ఉండే స్పీకర్ మాటల కోసం. ప్రేక్షకుడి వెనకా పక్కలా ఉండే స్పీకర్లలో వాన, సంత గోల, దూరంగా పోయే రైలు లాంటివి వేస్తాం. వాటిలో మాట వేస్తే చూసేవాడు తల తిప్పుతాడు, కథ పోతుంది. కొత్తగా చేరినవాళ్లకు నేను నేర్పే మొదటి పాఠం ఇదే. అది నా ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, వెనక నుంచి వచ్చేది ఏదైనా నాకు గాలివాటు చప్పుడే. నా కూతురు వెనక సీట్లోంచి గంటలు గంటలు మాట్లాడేది. లెక్కల టీచరు తిట్టిన సంగతి, తన స్నేహితురాలు అలిగిన సంగతి, అమ్మకు తెలియకుండా జుట్టు కత్తిరించుకుని దొరికిపోయిన సంగతి. నేను రోడ్డు చూస్తూ "ఊ" అనేవాణ్ని. పిల్ల నా పక్కన కూర్చుంటే అప్పుడు కదా అసలు మాట్లాడుకోవడం అని మనసులో అనుకునేవాణ్ని.

అలాంటి రోజుల్లో ఆ రేకు డబ్బా మాట అంది. బేస్ బాక్సు కొనేసి డిక్కీలో పడేస్తే సరిపోయేది. కానీ కొన్నది పెడితే నా పరువేం కావాలి? హార్న్ కట్టాలనుకున్నాను. బండికి మోగించే హారన్ కాదు. బాకా ఉంటుంది చూడండి, ఒక చివర సన్నగా మొదలై పోనుపోను వెడల్పయ్యేది, అలాంటి దారిని చెక్కపెట్టెలో మడతలు మడతలుగా పెట్టి, సన్నటి చివర ఊఫర్, అంటే బేస్ మోగించే స్పీకర్, బిగిస్తారు. చిన్న ఊఫర్ కూడా ఆ దారి గుండా ఊదితే పెద్ద ఊఫర్ చేసే పని చేస్తుంది. చిక్కల్లా పొడవు దగ్గరే. ఎంత కింది స్వరం కావాలంటే దారి అంత పొడవుండాలి. నలభై హెర్ట్జ్ దాకా దిగితే చాలనుకుంటే ఏడడుగుల దారి సరిపోతుంది. ముప్ఫై దాకా దిగాలంటే తొమ్మిదిన్నర అడుగులు, దానికి తగ్గ వెడల్పూ కావాలి. ఏడడుగులను నాలుగు మడతలు పెడితే పెట్టె డిక్కీలో పడుతుంది. తొమ్మిదిన్నర అడుగుల పెట్టెకు డిక్కీ చాలదు, వెనక సీటు పీకేయాలి.

స్టూడియోలో పడున్న అట్టపెట్టెలు కోసి రెండు కొలతలకూ నమూనాలు చేశాను. చిన్నది డిక్కీలో పెడితే కుదురుగా కూర్చుంది. ఒక మధ్యాహ్నం వెనక సీట్లో, ఆ పిల్ల కూర్చునే చోట కూర్చుని చూశాను. సీటు సందులో ఒక జుట్టు క్లిప్పు, చిప్స్ ముక్కలు ఉన్నాయి. కిటికీ అద్దం మీద వేలితో రాసి చెరిపేసిన గీతలు. అక్కడ కూర్చుంటే నాకు నా సీటు వెనక భాగం తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇంత చెత్త చోటును పట్టుకుని ఎందుకు వేలాడుతోందీ పిల్ల అనుకున్నాను.

నిజం చెప్పేస్తాను. కారుకు నలభై చాలు. తలుపులన్నీ మూస్తే కారు చిన్న గది, కింది స్వరాలను ఆ గదే కొంత పెంచుతుంది. ఈ సంగతి తెలియనివాణ్ని కాను, పదిమందికి చెప్పినవాణ్ని. అయినా నా నోట్‌బుక్‌లో ముప్ఫై అని రాసి కింద రెండు గీతలు గీశాను. వెనక సీటు లేకపోతే పిల్ల ముందుకు రాక ఎక్కడికి పోతుంది? సౌండ్ కోసమే తీశానని చెప్పొచ్చు, తప్పు హెర్ట్జ్ మీదకు పోతుంది.

ముప్ఫై అనుకున్నాక పది అంగుళాల ఊఫర్ మాట వదిలేసి పన్నెండు కోసం కోఠికి వెళ్లాను. షాపతను అంచు చుట్టూ మెరిసే పట్టీ ఉన్నది తీసి ముందు పెట్టాడు.

"గిది తీస్కోండి సార్, డీజే బండ్లకు గిదే పోతది. జర మోగించి చూపియ్యాల్నా?"

దాని ముందుండే అట్ట కోన్ మీద వేళ్లు ఆనించి నొక్కితే అది మెత్తటి దిండులా లోపలికి దిగిపోయింది. మామూలు పెట్టెలో అలాంటిది బాగానే ఎగురుతుంది. హార్న్‌లో దాని ముందు తొమ్మిదిన్నర అడుగుల గాలి నిలబడి ఉంటుంది. దాన్ని తోయాలంటే కోన్ బిగువుగా, తేలిగ్గా, వెనక అయస్కాంతం బరువుగా ఉండాలి. ఆరు ఊఫర్లు తిరగేసి, నొక్కి, చేత్తో బరువు చూసి, చివరికి రంగూ రూపూ లేని ఒకదాన్ని పట్టుకున్నాను. షాపతను పెదవి విరిచాడు. నేను మాత్రం ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాను. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాను. ఎవరి కోసమో ఒక వస్తువు కొని తెచ్చుకుని ఎన్నాళ్లయిందో.

పెట్టె చేసింది రహమత్ నగర్ వడ్రంగి. సినిమా సెట్లకు తలుపులూ మెట్లూ చేసే మనిషి, చేతిలో పనితనం ఉంది. నా గీతల కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది సార్ గిది, బండిల పెట్టేదా, ఇంట్ల పెట్టేదా? బీరువా లెక్కున్నది."

"బండిలోనేనండీ. వెనక సీటు తీసేస్తాం."

"సీటు తీస్తే పిల్లలు యాడ కూసుంటరు?"

"ఒక్కతే. ముందు కూర్చుంటుంది."

"డిక్కీల పట్టేటట్లు చిన్నగ చేస్త సార్. గప్పుడు సీటు ఖరాబ్ కాదు."

"చెప్పింది చెయ్యండి" అన్నాను, కాస్త గట్టిగానే. ఆయన లోపలి మడతలన్నీ గాలి చొరబడకుండా బంక పెట్టి, మూలలకు పలకలు కొట్టి, రెండు వారాల్లో తయారుచేశాడు. ముగ్గురం పట్టి ఎక్కించాం. వెనక డోరు తీస్తే నల్లరంగు వేసిన చెక్క గోడ తప్ప ఇంకేం లేదు. వెనక సీటు తీసుకెళ్లి వడ్రంగి తన షెడ్డు మూలన పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పిల్ల ఎప్పట్లాగే వెనక డోరు తీసింది. గోడ చూసింది. డోరు మీద చెయ్యి అలాగే ఉంచి, "నేనెక్కడ కూర్చోవాలి?" అంది.

"ముందు."

తర్వాత డోరు నెమ్మదిగా వేసి, చుట్టూ తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. చెప్పులు విడవలేదు. నేను పాట పెట్టాను. నిజంగా గొప్పగా వచ్చింది. గొంతులు గొంతుల్లా ఉన్నాయి, కింద నుంచి డోలు కడుపులో మోగింది. "ఎలా ఉంది?" అన్నాను. "సూపర్ నాన్నా" అంది. చెక్‌పోస్ట్ దాకా నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పిల్ల పక్కనుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా దాని వైపు తిరిగి తనివితీరా చూసుకున్నాను. "ఏంటి నాన్నా?" అంది. "ఏం లేదు" అన్నాను.

ఆ రోజు ఇంకేమీ మాట్లాడుకోలేదని నేను గమనించనేలేదు. కొత్త కదా, పాటలు వింటోంది అనుకున్నాను. రెండోసారీ అంతే. మూడోసారి నేనే అడగడం మొదలుపెట్టాను. స్కూలెలా ఉంది? "బానే ఉంది." మార్కులు? "బానే వచ్చినయ్." ఫ్రెండ్స్? "ఉన్నరు." తల్లి యాస దాని మాటల్లో వినిపించినప్పుడల్లా అది నాకు దూరంగా జరిగినట్టనిపించేది. అడిగి దాని మొహంలోకి చూసేవాణ్ని. అది కిటికీ వైపు తిరిగేది, లేకపోతే ఫోన్ తీసేది. ఇక ఆ నిశ్శబ్దం భరించలేక పాట గట్టిగా పెట్టేవాణ్ని. మధ్య వారాల్లో స్టూడియో నుంచి పరికరాలు తెచ్చుకుని, కారు లోపల ఎక్కడ ఏ స్వరం మందగిస్తోందో కొలిచి సరిచేసేవాణ్ని. తలుపుల సందుల్లో రబ్బరు పెట్టించాను. ముప్ఫై దాకా గీత గీసినట్టు సమంగా వచ్చింది. నా కారులో వినబడనిదల్లా నా కూతురి గొంతొక్కటే. దాన్ని కొలిచే పరికరం నా దగ్గర లేదు, ఉన్న చెవులు వాడలేదు.

నాలుగు నెలలు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం మిక్సింగ్ మధ్యలో ఆ పిల్ల తల్లి ఫోన్ చేసింది. అవసరం లేకుండా చేసే మనిషి కాదు. కారిడార్‌లోకి వచ్చి ఎత్తాను.

"దానికి స్కూలు మార్పిద్దామనుకుంటున్న. నువ్వేమంటవ్?"

"ఎందుకు? బానే ఉందిగా?"

"క్లాసుల ఎవ్వరు మాట్లాడ్తలేరంట దానితోని. మూడు నెలలాయె. లంచ్ ఒక్కతే కూసోని తింటుందంట. టీచర్ పిలిచి చెప్తే నాకు తెలిసింది. నీకు చెప్పలేదా?"

లేదన్నాను.

"ఏదున్నా ముందు నీకే చెప్తది కదా" అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఉత్త ఆశ్చర్యమే. "ఆదివారం నీ బండి దిగి పైకొచ్చిందంటే దాని మనసు తేలికైతుండె. అందుకే నేనేం అడగకపోయేదాన్ని. నీకు తెలుసుంటదిలే అని ధీమాగ ఉన్న."

ఫోన్ పెట్టేశాక ఆ కారిడార్‌లోనే నిలబడ్డాను. లోపల్నుంచి ఎవరో పిలుస్తూనే ఉన్నారు. నాలుగేళ్లుగా నన్ను ఎందుకూ నమ్మని మనిషి ఒక్క విషయంలో నా మీద భరోసా పెట్టుకుని నిద్రపోయిందని నాకు అప్పుడే తెలిసింది. నా బిడ్డ ఎక్కడో ఒక మెట్టు మీద డబ్బా తెరిచి ఒక్కతే అన్నం తింటుంటే, నేను రబ్బరు పట్టీలు అతికిస్తున్నాను. ఆ రోజు నా మీద నాకు కలిగిన అసహ్యం ఇంకెవరి మీదా ఎప్పుడూ కలగలేదు.

తర్వాతి ఆదివారం పాట పెట్టలేదు. దుర్గం చెరువు దగ్గర ఒక పక్కగా ఆపి, రోడ్డు వైపే చూస్తూ అడిగాను. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీస్తూ అంది. "చెప్దామనే అనుకున్న నాన్నా. రెండుసార్లు మొదలుపెట్టిన కూడా. నువ్వు మొహంలోకి చూస్తవ్. నువ్వు చూస్తే నాకు ఏడుపొస్తది. వెనక ఉన్నప్పుడు చూడకపోయేటోడివి కదా. ఊ ఊ అంటుంటే ఏదైనా చెప్పేదాన్ని."

నేను పరధ్యానంగా అన్న ఊ కూడా దానికి పనికొచ్చింది. వింటున్నావా అని ఒక్కసారి కూడా నిలదీయలేదు. దాని వైపు తిరగబోయి ఆగిపోయాను. చేతులు స్టీరింగ్ మీదే పెట్టుకుని, "సీటు మళ్లీ పెట్టించేస్తాను" అన్నాను. "ఎందుకులే నాన్నా, అంత కష్టపడి చేసినవ్" అంది.

మర్నాడే రహమత్ నగర్ వెళ్లాను. వడ్రంగి నన్ను చూసి, "నేను ఆ దినమే చెప్పిన గద సార్" అని మూలనున్న సీటు దుమ్ము దులిపి బయటికి తీశాడు. పెట్టెను ముక్కలు చేయమంటే ఒప్పుకోలేదు. "గింత పని చేసి నేనే పగలగొట్టాల్నా?" అన్నాడు. చివరికి అది కృష్ణానగర్ మెట్లెక్కి నా గదికొచ్చింది. మంచం పోగా మిగిలిన చోటంతా దానిదే. దాని మీద ఇస్త్రీ బట్టలు, మందులు, నీళ్ల సీసా పెట్టుకుంటున్నాను. గదిలో దాన్ని ఒక్కసారి కూడా మోగించలేదు.

సీటు బిగించాక లోపలంతా తుడిచి, రేకు డబ్బా లాంటి పాత స్పీకర్లనే ఉంచేశాను. ఆ ఆదివారం పది కాకముందే గేటు దగ్గర ఉన్నాను. పిల్ల వచ్చింది. స్కూలు మారిందిగా, కొత్త బ్యాగు భుజాన ఉంది. నాలుగు నెలల్లో పొడవయిందని అప్పుడు చూశాను. నేను వెనక డోరు లాక్ తీసి ఉంచాను. అది వెనక కిటికీలోంచి లోపలికి చూసింది, సీటును చూసింది. తర్వాత ముందుకొచ్చి, ముందు డోరు తీసి నా పక్కన కూర్చుంది.

"వెనక సీటు వచ్చేసిందమ్మా" అన్నాను.

"చూసిన నాన్నా. పర్లేదు, ఇక్కడే కూర్చుంట. నువ్వొక్కడివే అయితవు కదా ముందు."

బెల్టు పెట్టుకుంది. బ్యాగు ఒళ్లో సర్దుకుంది. నేను బాధపడతానని నా కోసం కూర్చుంది. ఎక్కడ కూర్చోవాలని ఇన్నాళ్లూ కోరుకున్నానో సరిగ్గా అక్కడే కూర్చుంది. వెనక్కి వెళ్లమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎలా చెబుతాను, ఏమని చెబుతాను? యూసుఫ్‌గూడ దాటాక, "ఎండలు ముదిరినయ్ కదా నాన్నా" అంది. అవునమ్మా అన్నాను. "నీ పనెట్లుంది?" అని అడిగింది. బాగానే ఉందన్నాను. "మంచిగ తింటున్నవా?" అంది. తింటున్నానన్నాను. నా కూతురు నాతో మొదటిసారి, చుట్టాలతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడుతోంది. నేను రోడ్డు మీదే చూపు పెట్టుకుని, అడిగినదానికల్లా జవాబు చెబుతూ చెక్‌పోస్ట్ వైపు పోనిచ్చాను.